నార్మల్ రిపోర్టు

ఆదివారం సాయంత్రం నాలుగు గంటల పది నిమిషాలకు, రాయగడ నుంచి జేకేపూర్ వెళ్ళే రోడ్డు పక్క మామిడితోటలో, రెండు వందల అరవై మంది ఎదుట, మా అమ్మాయి సహస్ర తనకు పుట్టలేదని నా భర్త కౌండిన్య చెప్పాడు. అలా చెప్పినట్టు ఆయనకు తెలియదు.

ఆయన అన్న మాటలు ఇవి. ఇంగ్లీషులో అన్నాడు. "నా కూతురికి సికిల్ సెల్ జబ్బు ఉంది. అది నా భార్య వైపు నుంచి వచ్చింది. నా రిపోర్టు నార్మల్. అయినా ఈ ఏడేళ్ళలో నేను నా భార్య చెయ్యి వదల్లేదు." ఒక్కో వాక్యం తరవాత ఆగాడు. సభ నడుపుతున్న గణపతిరావు ఒక్కో వాక్యాన్నీ ఒడియాలో చెప్పాడు. ఏదీ వదల్లేదు.

రక్తంలోని ఈ లక్షణం పిల్లకు తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వస్తుంది. ఒకరి నుంచే వస్తే ఆ మనిషికి బాధ ఉండదు, దాన్ని మోస్తూ ఉంటారు అంతే. ఇద్దరి నుంచీ వస్తేనే జబ్బు. సహస్రకు ఇద్దరి నుంచీ వచ్చింది. నేను మోస్తున్నదాన్ని, ఆ కాగితం నా బీరువాలో ఉంది. ఇక తండ్రి రిపోర్టు నార్మల్ అయితే, తండ్రి ఆయన కాదు. ఆశా కార్యకర్తల శిక్షణలో ఇది మొదటి గంట పాఠం. ఆ తోటలో మూడో వరసలో కాశీపూర్ బ్లాకు నుంచి వచ్చిన ఆశాలు పదకొండు మంది ఉన్నారు. మొదటి వరసలో పిల్లల డాక్టరు జయంతి ఉంది. ఆశాలకు ఆ పాఠం చెప్పిన కౌన్సెలరు గౌరీశ్వరి, రక్తపరీక్ష స్టాల్లో నా పక్క కుర్చీలో ఉంది. గణపతిరావు ఒడియా ముగియగానే ఈ పదమూడు మందీ నా వైపు చూశారు. మిగిలినవాళ్ళు చప్పట్లు కొట్టారు.

నా పేరు రోజారమణి. రాయగడలో ఒక ట్రస్టు ఆసుపత్రిలో పదకొండేళ్ళుగా ల్యాబ్ టెక్నీషియన్ని. ఆ కచేరీ మా ఆసుపత్రికి వచ్చే సికిల్ సెల్ పిల్లల కోసం. పాడినవాళ్ళు ఐదుగురు. నా భర్త కాశీపూర్ దగ్గర ఒక కంపెనీలో ప్లానింగ్ మేనేజరు, మిగతా నలుగురూ అలాంటివాళ్ళే. పాడేవి అమెరికా పల్లెపాటలు. మైకులు ఉండవు, కరెంటు వాయిద్యాలు ఉండవు. దాన్ని 'అకూస్టిక్' అంటారని మూడు నెలల్లో మా ఇంటికి వచ్చిన ప్రతివాళ్ళకూ ఆయన చెప్పాడు. గ్యాస్ సిలిండరు తెచ్చినవాడికి కూడా చెప్పాడు.

మూడు నెలల ఆదివారాలు మా హాల్లో సాధన చేశారు. ఆ పాటల్లో ఒక రైలు ఉంటుంది. ఒక మగవాడు ఆ రైలెక్కి వెళ్ళిపోతాడు. వెళ్ళాక, వదిలేసిన ఆడమనిషిని తలుచుకుని ఏడుస్తాడు. పద్నాలుగు పాటలు విన్నాను, పన్నెండింటిలో ఇంతే. ఒక్కడూ రైలు దిగి వెనక్కి వచ్చి అంట్లు తోమినట్టు లేదు. పాటలో వంటింటి కిటికీ దగ్గర భార్య ఎదురు చూస్తూ ఉంటుంది. మా వంటింటి కిటికీ దగ్గర నేను ఐదో విడత టీ వడపోస్తున్నాను. ఆ ఐదుగురిలో ఒకాయన కళ్ళు తుడుచుకుంటూ వచ్చి, "మేడమ్, ఈ పాటలో బాధ ఉంది చూశారూ, అది మనందరిదీ," అన్నాడు. చక్కెర తక్కువైందని కప్పు నా చేతికి ఇచ్చాడు. కచేరీ రోజు స్టాలుకు ఇంటి తినుబండారాలు ఉండాలని మగవాళ్ళు తీర్మానించారు. నా వంతు మూడు వందల రవ్వలడ్డూలు. శుక్ర, శనివారాలు డ్యూటీ నుంచి వచ్చాక చుట్టాను. గిటారు పట్టీ తెగితే కుట్టాను. ఆన్‌లైన్లో కొన్న టోపీ పెద్దదైతే లోపల గుడ్డ పెట్టి బిగించాను. కరపత్రం వెనక కృతజ్ఞతల్లో 'కుటుంబ సభ్యులు' అని వేశారు.

మైకులు లేని కచేరీకి జనరేటరు తెచ్చారు. కాఫీ మిషనుకు, ఐస్‌క్రీం పెట్టెకు. వేదికకు ఇరవై అడుగుల దూరంలో పెట్టారు. మొదటి నాలుగు పాటలూ జనరేటరే పాడింది. మా మామగారు వెంకటాచలం ముందు వరసలో లేచి నిలబడి, "ఒరే కౌండిన్యా, నోరు కదులుతోంది గానీ పాట రావట్లేదురా," అని కేక వేశారు. ఆ కేక కూడా వేదిక మీద వాళ్ళకు వినిపించలేదు. చివరికి గణపతిరావు పరిగెత్తి జనరేటరు ఆపించాడు. కాఫీ కోసం వరసలో ఉన్నవాళ్ళు గొణిగారు. ఆ నిశ్శబ్దంలో నా భర్త సహస్రను వేదిక మీదికి పిలిచి, భుజం మీద చెయ్యి వేసి, తన మాటలు చెప్పాడు. అందుకే ఆఖరి వరస దాకా వినిపించాయి.

సహస్రకు పద్నాలుగో నెలలో చేతివేళ్ళు, కాలివేళ్ళు వాచాయి. విశాఖపట్నంలో పరీక్ష చేశారు. తల్లీ తండ్రీ ఇద్దరూ రక్తం ఇవ్వాలని అక్కడి డాక్టరు చెప్పాడు. నేను ఆ రోజే ఇచ్చాను. కంపెనీలో ఏటా జరిగే పరీక్షల్లో ఇస్తానని ఆయన అన్నాడు. పన్నెండు రోజుల తరవాత హాల్లో నిలబడి జయపురంలో ఉన్న మా మామగారికి ఫోన్ చేసి, "నాది నార్మల్ నాన్నా," అన్నాడు. ఆ కాగితం నేను చూడలేదు. అడిగితే, "నన్ను నమ్మవా?" అన్నాడు. కంపెనీ పరీక్షల్లో షుగరు, కొలెస్ట్రాలు, ఛాతీ ఎక్స్‌రే ఉంటాయి. ఇది ఉండదు. ఆ ఏడాదే అత్తమామలు వచ్చి మాతో ఉన్నారు.

"మా ఇంట్లో నాలుగు తరాలు జయపురం సంస్థానం కచేరీలో కలం పట్టారు. ఒక్కడికి ఉందా ఇలాంటిది? పొలాల్లో పడి ఉండేవాళ్ళకి వస్తాయమ్మా ఇవి," అనేది మా అత్తగారు లక్ష్మీకాంతమ్మ. మా నాన్న గున్నయ్యకు గుణుపూర్ దగ్గర నాలుగెకరాల పొలం. సహస్రకు కాళ్ళ నొప్పి వచ్చినప్పుడు వేడిగుడ్డతో కాపడం పెట్టేది కూడా అత్తగారే. కాపడం పెడుతూ నన్ను అనేది. మామగారు నాతో అనరు. ఇంటికి వచ్చినవాళ్ళతో, నేను మంచినీళ్ళు ఇస్తుండగా, "తల్లి వైపుది," అంటారు. నా భర్త పద్ధతి వేరు. "నేనెప్పుడైనా నిన్ను ఒక్క మాట అన్నానా? తప్పు పట్టానా?" అంటాడు. పట్టలేదు. ఏడేళ్ళుగా ఆయన నన్ను క్షమిస్తున్నాడు.

మా అమ్మ పుణ్యవతి ఫోన్లో తిట్టేది. "ఏటే అమ్మీ, మన రగతం మన రగతం అని ఆల్లంటంటే నువ్వు నోట్లో ఏటెట్టుకున్నావు? సదువుకున్నావు కదే, సెప్పలేవా?" చెప్పగలను. చెబితే ఏమవుతుందో కూడా తెలుసు. జబ్బుకు ఇద్దరూ కావాలని నేను అంటాను. నాది నార్మల్ అని ఆయన అంటాడు. ఆ తరవాతి ప్రశ్న ఆయనకు రాదు, నాకు వస్తుంది. మా ఇంట్లో ఒక పక్క ఎవరూ చూడని కాగితం, ఇంకో పక్క రోజూ అందరూ చూసే నేను. ఏది నమ్ముతారో ఏడేళ్ళలో నాకు ఒక్కసారీ అనుమానం రాలేదు. మొదట్లో ఆయన తెలిసి అబద్ధం ఆడాడని అనుకున్నాను, భయపడ్డాడని జాలి పడ్డాను. రెండేళ్ళకు అర్థమైంది. ఆయన ఆ విషయం చదవనే లేదు. కూతురి జబ్బు గురించి రెండు పేజీలు చదివి ఉంటే ఆ అబద్ధం ఆడేవాడు కాదు. గిటారు తీగల రకాల గురించి మాత్రం ఎనభై పేజీలు చదివాడు. అప్పటి నుంచి జాలి లేదు. ఒకసారి గడ్డం గీసుకుంటుంటే తెగింది. దూది నేనే అద్దాను. ఆ దూది తీసుకెళ్ళి పరీక్ష చేస్తే అయిదు నిమిషాల పని. చెత్తబుట్టలో వేశాను. అడగకుండా మేము ఎవరి రక్తమూ పరీక్ష చెయ్యం.

గౌరీశ్వరిది శ్రీకాకుళం. నాకన్నా పదేళ్ళు పెద్ద. చప్పట్లు ఆగాక నా వైపు వంగింది.

"అమ్మీ, మీ ఆయన ఇప్పుడేటన్నాడో ఆయనకి తెల్సా?"

"తెల్దు."

"నీకు?"

"ఏడేళ్ళై తెల్సు."

"ఓలమ్మ! ఏడేళ్ళా? నేనైతే ఏడో రోజుకే ఆ గిటారు ఆయన నెత్తి మీద ఇరగ్గొట్టీదాన్ని."

నేను మూడో వరస చూస్తున్నాను. ఇద్దరు ఆశాలు తలలు దగ్గర పెట్టి మాట్లాడుకుంటున్నారు. చివరి కుర్చీలో ఉన్నామె మాట్లాడటం లేదు. వేదిక మీద సహస్ర ముఖం చూసింది, తరవాత నా భర్త ముఖం చూసింది. మళ్ళీ సహస్రను చూసింది. పోలికలు వెతుకుతోంది. నన్ను ఏమనుకున్నా ఏడేళ్ళు ఊరుకున్నాను. సహస్ర ముఖం మీద ఆ చూపు పడ్డాక ఊరుకోవడం కుదరలేదు.

కార్యక్రమంలో నాలుగు గంటల ఇరవై నిమిషాలకు ముఖ్య అతిథి రక్తం ఇవ్వాలి. జనానికి ధైర్యం చెప్పడానికి. ముఖ్య అతిథి సన్యాసయ్య, తోట ఆయనదే. సూది చూసి, తను అయ్యప్ప దీక్షలో ఉన్నానన్నాడు. మెడలో మాల లేదు. గణపతిరావు కరపత్రం తిరగేస్తున్నాడు. నేను ట్రే తీసుకుని వేదిక ఎక్కాను. సహస్ర నన్ను చూసి, "అమ్మా, నాన్న నన్ను ఫైటర్ అన్నారు. ఫైటర్ అంటే ఏటి?" అంది. ముందు వరస నుంచి మా అత్తగారు, "ఏటి కాదే, ఏమిటి," అని దిద్దింది.

"సన్యాసయ్యగారి బదులు మీరు ఇవ్వండి," అన్నాను నా భర్తతో.

ఆయన గొంతు తగ్గించాడు. "నాది అయిపోయింది కదా రోజా. ఇప్పుడేగా చెప్పాను."

"మా రిజిస్టర్లో లేదండి."

"తరవాత చూద్దాం. పాట ఉంది."

"పాట ఆగుతుంది. మూడు సెకన్లు."

గణపతిరావుకు ఊపిరి వచ్చింది. "ఆర్టిస్టుగారే స్వయంగా!" అని చప్పట్లు మొదలుపెట్టాడు. ఫోన్లు పైకి లేచాయి. ఫోన్లు లేచాక నా భర్త కాదనలేడు. సమ్మతి పత్రంలో నాలుగు వాక్యాలు ఉంటాయి. చదవకుండా సంతకం పెట్టాడు. ఎడమ చేతి వేళ్ళు తీగలు నొక్కేవి కనక కుడి చెయ్యి ఇచ్చాడు. టోపీ కాస్త వెనక్కి జరుపుకుని, గుచ్చుతున్నంతసేపూ ఫోన్ల వైపు నవ్వాడు.

స్టాలుకు వచ్చి ద్రావణంలో రక్తం కలిపాను. నాలుగు గంటల ఇరవై ఆరు. అయిదు నిమిషాలు ఆగాలి. వేదిక మీద ఆయన తల్లి మీద పాట ఎత్తుకున్నాడు. పాటలో తల్లి చనిపోయింది. మా అత్తగారు ముందు వరసలో వేరుశనగలు ఒలుస్తోంది. నాలుగూ ముప్పై ఒకటికి ట్యూబు వెనక కార్డు పెట్టాను. కార్డు మీద నల్ల గీతలు ఐదు ఉంటాయి. ట్యూబులోంచి గీతలు కనిపిస్తే లక్షణం లేనట్టు. కనిపించకపోతే ఉన్నట్టు. ఒక్క గీతా కనిపించలేదు.

గౌరీశ్వరి కళ్ళజోడు పెట్టుకుని చూసింది. "ఎల్లి సెప్పీనా ఆ ఆశమ్మలకి?"

"వద్దు. ఎవరి రిపోర్టు వాళ్ళది."

"మరి నీ మాటో?"

పాజిటివ్ ట్యూబులు పై పరీక్షకు వెళ్ళాలి కనక వేరే స్టాండులో పెడతాం. ఆయన ట్యూబు ఆ స్టాండులో పెట్టాను. అప్పటికి ఆ స్టాండులో ఉన్నది అదొక్కటే. ఐదు గంటలకు, పాటలు అయిపోయి జనరేటరు మళ్ళీ వేశాక, ఆశాలు తమ ఫారాలు తీసుకోవడానికి స్టాలుకు వచ్చారు. స్టాండులో ట్యూబు మీద పేరు చూశారు. చివరి కుర్చీ ఆమె వెళ్ళి కాఫీ తెచ్చి నా చేతిలో పెట్టింది. ఆ మూడు నెలల్లో ఆ కచేరీ పేరుతో నాకు ఎవరైనా ఏదైనా ఇచ్చింది అదే.

పై పరీక్ష రిపోర్టు మంగళవారం సాయంత్రం విశాఖపట్నం నుంచి వచ్చింది. కవరు అంటించి ఆయన చేతికే ఇచ్చాను. బుధవారం ఉదయం టిఫిన్ల దగ్గర, విప్పని కవరు బల్ల మీద ఉంది.

"విప్పరా, నార్మలే కదా," అన్నారు మామగారు.

ఆయన విప్పాడు, చదివాడు, మడిచాడు. మామగారు లాక్కుని పైకి చదివారు. "హిమోగ్లోబిన్ ఎస్, ముప్పై ఏడు శాతం. అంటే?"

ముగ్గురూ నా వైపు చూశారు. ఆ ఇంట్లో నా ఉద్యోగానికి సంబంధించిన ప్రశ్న నన్ను అడగడం అదే మొదటిసారి.

"అంటే సహస్రకు నా నుంచి ఒకటి, ఆయన నుంచి ఒకటి వచ్చాయి."

"ట్యూబు తారుమారు అయ్యుంటుంది," అన్నాడు నా భర్త.

"ఎక్కడైనా మళ్ళీ చేయించుకోండి."

"మరి అప్పటి రిపోర్టు?" అన్నారు మామగారు.

"అప్పుడు అసలు ఇవ్వలేదు నాన్నా. అవసరం కనిపించలేదు."

తోటలో ఆయన అన్న మాటకు అర్థం ఏమిటో రెండు వాక్యాల్లో చెప్పాను. ఆయన ప్లేటు పక్కకు జరిపాడు. "అలా ఎవరనుకుంటారు?" అన్నాడు.

"పదమూడు మంది అనుకున్నారు."

"నా ఉద్దేశం అది కాదు కదా," అని లేచి, కంపెనీ బస్సుకు టైమైందని వెళ్ళిపోయాడు. బస్సుకు ఇంకా పాతిక నిమిషాలు ఉంది.

మామగారు పేపరు విప్పారు. "మరి వీడికి ఎక్కణ్ణించి వచ్చినట్టు?"

"మీ ఇద్దరిలో ఒకరి నుంచి మావయ్యగారూ."

"అయితే మీ అత్తగారి పుట్టింటిదే. పార్వతీపురం వాళ్ళది." పేపరు కిందికి దించలేదు.

అత్తగారు చట్నీ గిన్నెతో నిలబడి ఉంది. "మా వాళ్ళదా?" అంది.

"మరి నాదా?"

ఏడేళ్ళుగా నేను విన్న వాక్యమే. ఊరి పేరు మారింది. అత్తగారు ఆయన ప్లేటులో రెండో గరిటె చట్నీ వేసి వంటింట్లోకి వెళ్ళింది.

శుక్రవారం పదీ నలభైకి, నా కౌంటరు ముందు పదిహేడో నంబరు పిలిస్తే లక్ష్మీకాంతమ్మ లేచి వచ్చింది. ఒక్కతే ఆటోలో వచ్చింది. రాయగడలో ఉన్న ఏడేళ్ళలో ఒక్కతే ఎక్కడికీ వెళ్ళలేదు. కూర్చుని చెయ్యి బల్ల మీద పెట్టింది.

"అత్తయ్యగారూ, మీరు..."

"అందరినీ అడిగినట్టు అడుగు."

"పేరు?"

"లక్ష్మీకాంతమ్మ."

"వయసు?"

"అరవై ఏడు."

"తండ్రి పేరు గానీ భర్త పేరు గానీ చెప్పాలి."

కొంచెంసేపు ఆలోచించింది. "నాన్నది రాయి. అప్పలనరసింహం."

రాశాను. ఫారం చదువుతానంది. కళ్ళజోడు తీసి నాలుగు వాక్యాలూ చదివి సంతకం పెట్టింది. వేలు గుచ్చాను. చెయ్యి కదపలేదు. ఆ అయిదు నిమిషాలూ ఇద్దరం గోడ మీద గడియారం చూశాం.

"ఏం చూస్తావు అందులో?" అంది.

"వెనక గీతలండి. కనిపించకపోతే ఉన్నట్టు. కనిపిస్తే లేనట్టు."

"ఇలా తే."

ట్యూబూ కార్డూ ఆవిడ ముందు పెట్టాను. ఒక్కో గీత దగ్గరా వేలు ఆపుతూ లెక్కపెట్టింది. ఐదూ లెక్కపెట్టింది. మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టింది.

పదీ యాభై మూడుకు రిజిస్టర్లో నెగటివ్ అని రాశాను. రిపోర్టు అందుకున్నట్టు ఆవిడ తెలుగులో సంతకం చేసింది. ఇంకో ఖాళీ ఫారం కావాలంది. ఇచ్చాను. దాని మీద, రక్తం ఇచ్చేవారి పేరు రాసే చోట, భర్త పేరు తనే రాసుకుని, మడిచి, సంచిలో పెట్టుకుంది.